చివరి ముడి దగ్గరే నిప్పురవ్వ

గ్యాస్, పెట్రోలు ఆవిరి, దూది నూగు ఉన్న చోట వైరు కలిపే ముందు...

కరెంటు అనగానే మనకు గుర్తొచ్చేది షాకు. తడి చేతులతో స్టార్టర్ ముట్టొద్దని, ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోవద్దని బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. అయితే ఒంటికి షాకు తగలకుండానే ప్రాణం తీసే దారి కరెంటుకు ఇంకొకటి ఉంది. అదే నిప్పురవ్వ. మామూలు చోట ఆ రవ్వ ఠప్పుమని మెరిసి ఆరిపోతుంది, మనం పట్టించుకోం. అదే రవ్వ గ్యాస్ నిండిన వంటింట్లోనో, ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ మీదనో, పత్తి పోసిన అర్రలోనో మెరిస్తే కథ వేరేగా ఉంటుంది.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామంది చిన్న రైతులకు ఇల్లే గోదాము. పత్తి ఇంట్లోనే, మందు డబ్బాలు ఇంట్లోనే, పవర్ స్ప్రేయర్ పెట్రోలు ఇంట్లోనే, గ్యాస్ సిలిండర్ ఇంట్లోనే. వాటి నడుమనే స్విచ్ బోర్డు, ఇన్వర్టరు. కాబట్టి పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో పాటించే జాగ్రత్త మన ఇంటి గడపలోనూ, బాయి కాడి కొట్టంలోనూ పాటించక తప్పదు. దానికి పైసా ఖర్చు లేదు. ఒక్క సూత్రం గుర్తుంటే చాలు.

రవ్వ ఎక్కడ పుడుతుంది?

రెండు తీగలను కలిపేటప్పుడు, తగిలీ తగలని క్షణంలో రవ్వ పుడుతుంది. విడదీసేటప్పుడు కూడా అంతే. స్విచ్ వేసినా, తీసినా లోపల జరిగేది ఇదే. మోటరు వంటి చుట్టలున్న సామానుకు కరెంటు తెగ్గొట్టినప్పుడు రవ్వ ఇంకా పెద్దగా ఉంటుంది. స్టార్టర్ డబ్బాలో కాంటాక్టు పాయింట్లు నల్లబడి గుంటలు పడేది అందుకే.

నాలుగు చోట్ల కలపవలసిన వైరు ఉందనుకోండి. మొదటి మూడు ముళ్ల దగ్గర కరెంటు పారదు, రవ్వ రాదు. దారి పూర్తయ్యేది చివరి ముడితోనే. రవ్వ అక్కడే పుడుతుంది. విప్పేటప్పుడు మొదటి ముడి దగ్గర పుడుతుంది. కాబట్టి సూత్రం ఇది: కలిపేటప్పుడు చివరి ముడి, విప్పేటప్పుడు మొదటి ముడి, గ్యాస్ గానీ ఆవిరి గానీ లేని చోట ఉండాలి. వీలైతే ముళ్లన్నీ కరెంటు బందు పెట్టి వేయాలి, ఆ తర్వాత దూరంగా ఉన్న స్విచ్ వేయాలి. అప్పుడు చివరి ముడి ఆ స్విచ్చే అవుతుంది.

ట్రాక్టర్ బ్యాటరీ

బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు లోపలి నీళ్లు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బయటికొస్తాయి. పన్నెండు వోల్టుల బ్యాటరీకి 14.4 వోల్టులు దాటి ఛార్జింగ్ ఎక్కిస్తే బుడబుడమని గ్యాస్ ఎక్కువవుతుంది. హైడ్రోజన్ గాలిలో 4 శాతం కలిస్తే చాలు అంటుకుంటుంది, 75 శాతం దాకా ఆ గుణం పోదు. దీనికి రంగు లేదు, వాసన లేదు. గాలి కంటే 14 రెట్లు తేలిక కనుక పైకి పోయి కప్పు కింద, బానెట్ కింద, బ్యాటరీ పెట్టె మూత కింద చేరుతుంది. దాన్ని అంటించడానికి మన కంటికి ఆనని రవ్వ కూడా సరిపోతుంది.

పేలితే మంట ఒక్కటే కాదు, యాసిడ్ మొఖం మీద పడుతుంది. కళ్లు పోయే ప్రమాదం ఉంది.

ఊళ్లలో ఒక అలవాటు ఉంది. బ్యాటరీలో దమ్ముందా లేదా చూడటానికి స్పానరు గానీ తీగ ముక్క గానీ రెండు టెర్మినళ్లకు అడ్డంగా ఆనించి రవ్వ చూస్తారు. ఇంతకంటే చెడ్డ పరీక్ష లేదు. రవ్వ పుట్టేది సరిగ్గా గ్యాస్ వచ్చే మూతల పక్కనే. హైడ్రోమీటరుతోనో, వోల్టు మీటరుతోనో చూపించుకోండి. నీళ్లు ఎంతున్నాయో చూడటానికి అగ్గిపుల్ల గీయడం కూడా ఇలాంటిదే.

ఒక ట్రాక్టర్ బ్యాటరీ దిగిపోతే పక్క ట్రాక్టర్ నుంచి కరెంటు తీసుకోవడం మామూలే. నెగెటివ్ బాడీకి కలిపి ఉన్న ట్రాక్టర్లకు వరుస ఇలా ఉండాలి:

1. రెండు బ్యాటరీలూ ఒకే వోల్టులవని చూసుకోండి. రెండు బండ్లూ ఆపి, ఒకదానికొకటి తగలకుండా నిలపండి.

2. ఎర్ర తీగను ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు పెట్టండి.

3. నల్ల తీగ ఒక కొసను మంచి బ్యాటరీ మైనస్‌కు పెట్టండి.

4. నల్ల తీగ రెండో కొసను దిగిపోయిన బ్యాటరీ మైనస్‌కు పెట్టొద్దు. బ్యాటరీకి, డీజిల్ పైపులకు దూరంగా, ఇంజను బాడీలో రంగు లేని గట్టి ఇనుముకు పెట్టండి. ఇదే చివరి ముడి. రవ్వ ఇక్కడ పుడుతుంది, ఇక్కడ గ్యాస్ లేదు.

5. బండి స్టార్టయ్యాక విప్పేటప్పుడు ఇదే ముడిని మొదట విప్పండి. మిగతావి వచ్చిన వరుసకు తిరగేసి తీయండి.

బ్యాటరీ మొత్తం తీసేటప్పుడు బాడీకి పోయే మైనస్ వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు అది చివర బిగించాలి. ప్లస్ బోల్టు ముందు విప్పబోతే స్పానరు జారి బాడీకి తగులుతుంది, పెద్ద రవ్వ లేస్తుంది. ఛార్జర్ పెట్టేటప్పుడు క్లిప్పులు బిగించాకే ఛార్జర్ స్విచ్ వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్ బందు, తర్వాత క్లిప్పులు. ఛార్జింగ్ అయిన వెంటనే తలకాయ వంచి చూడొద్దు, గాలి ఆడేలా కొంతసేపు వదిలేయండి. యాసిడ్ కంట్లో పడితే ఆగకుండా పావుగంట సేపు మంచినీళ్లతో కడిగి దవాఖానాకు తీసుకుపోవాలి.

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకీ ఇదే వర్తిస్తుంది. దాన్ని వంటింట్లోనో, కిటికీ లేని మూల అర్రలోనో పెట్టొద్దు. వీపున వేసుకునే బ్యాటరీ స్ప్రేయర్లను చాలామంది రాత్రంతా పత్తి కుప్ప పక్కనే ఛార్జింగ్ పెట్టి పడుకుంటారు. అరుగు మీదకు తెచ్చి, కళ్లెదుట పెట్టుకోవాలి.

"పన్నెండు వోల్టులే గదా, ఏమైతది?"

ఈ మాట మనం తరచూ వింటాం. షాకు విషయంలో ఇది నిజమే, రవ్వ విషయంలో కాదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో సెంఘెనిత్ అనే బొగ్గుగనిలో 1913 అక్టోబరు 14న గ్యాస్ పేలి 439 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజుల్లో గనుల్లో సైగలకు కరెంటు గంటలు వాడేవారు. తక్కువ వోల్టుల బ్యాటరీతో నడిచేవి, రెండు ఉత్త తీగలను తాకిస్తే పైన గంట మోగేది. ఆ తీగల రవ్వే పేలుడుకు మూలమై ఉండొచ్చన్న అనుమానం విచారణలో వచ్చింది. తర్వాత పరిశోధకులు పరీక్షించి చూస్తే, గంటలోని తీగ చుట్ట వల్ల అంత చిన్న వోల్టేజీ రవ్వ కూడా గని గ్యాస్‌ను అంటించగలదని తేలింది. రవ్వకు దమ్మే లేకుండా కరెంటు సామాను తయారుచేసే పద్ధతి అలా మొదలైంది.

సోలార్ పంపులున్న రైతులు ఇంకొకటి గమనించాలి. మన లైను కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చిపోతుంది కనుక రవ్వ తొందరగా తెగుతుంది. సోలార్ పలకల నుంచి, బ్యాటరీ నుంచి వచ్చేది డీసీ కరెంటు, అది సున్నాకు రాదు. ఎండలో పంపు నడుస్తుండగా పలకల కనెక్టర్లు గుంజితే రవ్వ తెగక సాగుతుంది, చేతులు కాలుతాయి. ముందు పంపు ఆపి, స్విచ్ తీశాకే ముట్టాలి.

బాయి కాడి కొట్టం

స్టార్టర్ ఉన్న కొట్టంలోనే పెట్రోలు డబ్బా, ఖాళీ డ్రమ్ము, గడ్డి పెట్టుకోవడం మన దగ్గర సర్వసాధారణం. డీజిల్ మామూలు వేడికి అంత తొందరగా ఆవిరి కాదు. పెట్రోలు అలా కాదు, చలికాలంలో కూడా ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. నేల మీద నీళ్లలాగా పారి గోడ మూలన చేరుతుంది. ఖాళీ డబ్బా ఇంకా ప్రమాదం, అందులో గాలీ ఆవిరీ కలిసి ఉంటాయి.

ఆటోస్టార్టర్ ఉన్న చోట ఇది మరీ ముఖ్యం. మనం ఇంట్లో పడుకుని ఉండగా కరెంటొస్తే దానంతట అదే మోటరు వేస్తుంది, రవ్వ దానంతట అదే పుడుతుంది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయండని రైతులను కోరింది నీళ్లు, కరెంటు వృథా కావొద్దని. ఈ ప్రమాదం కూడా అందుకు తోడు.

పెట్రోలును స్టార్టర్ కొట్టంలో పెట్టొద్దు. స్ప్రేయర్‌లో పెట్రోలు పోసేటప్పుడు ఇంజను చల్లారాలి, ఆరుబయట పోయాలి, పక్కన ఎవరూ బీడీ ముట్టించొద్దు.

వంటింటి గ్యాస్

వంట గ్యాస్‌ది కూడా బరువు గుణమే, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో 2 శాతం దగ్గర అంటుకునే స్థితికొస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది పేలే స్థితికి రావడానికి కిలో, కిలోంబావు గ్యాస్ చాలు. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. నేల దగ్గరే చేరుతుంది కనుక అంతకంటే తక్కువ లీకైనా ముప్పే.

తెల్లవారుజామున వంటింట్లో వాసనొస్తే చెయ్యి ముందు స్విచ్ మీదకే పోతుంది. అక్కడ ఆగాలి. లైటు వెయ్యొద్దు. వెలుగుతున్న లైటు తియ్యొద్దు కూడా, తీసినా రవ్వే. ఫ్యాను, ఫ్రిజ్ ప్లగ్గు, ఫోను ఛార్జరు ఏదీ ముట్టొద్దు. రెగ్యులేటర్ బందు పెట్టి, తలుపులు, కిటికీలు తీసి, పిల్లలను, ముసలివాళ్లను తీసుకుని బయటికి రండి. ఫ్రిజ్ మనం ముట్టకపోయినా లోపల దానంతట అది ఆగుతూ నడుస్తూ ఉంటుంది. మెయిన్ స్విచ్ ఇంటి బయట, వాసన రాని చోట ఉంటేనే తీయండి. లోపలుంటే దాని జోలికి పోకండి. బయటికి దూరంగా వచ్చాక 1906 నంబరుకు ఫోను చేయండి.

గోబర్ గ్యాస్

గోబర్ గ్యాస్‌లో సగం కంటే ఎక్కువ మీథేన్. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలుతుంది. నడుస్తున్న ప్లాంటు లోపల గాలి ఉండదు కనుక అక్కడ అంటుకోదు. ప్రమాదం రెండు వేళల్లో: కొత్తగా పేడ నింపినప్పుడు, శుభ్రానికని మూత తెరిచినప్పుడు. రెండింటిలోనూ గ్యాస్, గాలి కలుస్తాయి. అందుకే మొదట వచ్చిన గ్యాస్‌ను వెలిగించకుండా వదిలేయాలి. గ్యాస్ వస్తుందా లేదా అని ప్లాంటు దగ్గర పైపుకే అగ్గిపుల్ల పెట్టి చూడొద్దు, పొయ్యి దగ్గరే చూడాలి.

తెరిచిన ప్లాంటులోకి హోల్డరుకు వైరు చుట్టి బల్బు దింపడం చాలా తప్పు. లోపల చూడాలంటే మన పెద్దలు బాయిలోకి చూసినట్టే అద్దంతో ఎండను లోపలికి కొట్టండి. లోపల ఊపిరాడని గాలి కూడా ఉంటుంది, ఒక్కరే దిగొద్దు. బాగా గాలి ఆడాక, నడుముకు మోకు కట్టి, పైన ఇద్దరు మనుషులుండగానే తెలిసిన మేస్త్రీతో పని చేయించాలి. కరెంటు వైరును గ్యాస్ పైపు వెంబడి కట్టొద్దు. లీకు చూడటానికి సబ్బు నురగే సరైన పరీక్ష.

పత్తి, దుమ్ము

పత్తి గ్యాస్ కాదు, అయినా దాని నూగు గాలిలో తేలుతుంది, బల్బు మీద, బోర్డు మీద, హోల్డరులో చేరుతుంది. ఒక్క వదులు జాయింటు వేడెక్కితే అంటుకుంటుంది. పత్తి మంట పైకి కనిపించకుండా కుప్ప లోపలికి పోయి గంటల తరబడి రగులుతుంది.

దుమ్ము కూడా పేలుతుందంటే నమ్మబుద్ధి కాదు. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అక్కడ తయారయ్యేది మందు గోళీల్లో వాడే సెల్యులోజ్ పొడి. మన పత్తిలో ఉండేదీ సెల్యులోజే. కుప్పగా ఉంటే మెల్లగా కాలే వస్తువు, మెత్తటి పొడై గాలిలో లేచినప్పుడు రెప్పపాటులో కాలుతుంది. జిన్నింగ్ మిల్లు, మిర్యాలగూడ రైసుమిల్లు, ఊరి పిండి గిర్ని, ఎక్కడ పనికి పోయినా దుమ్ము లేచి ఉన్నప్పుడు వైర్లు ముట్టొద్దు. బోర్డుల మీద పేరుకున్న దుమ్మును రోజూ తుడవాలి.

పత్తి పోసిన అర్రలో పాటించవలసింది సులువే. ఆ అర్రలో వైరుకు జాయింటు ఉండొద్దు, స్విచ్ బోర్డు బయట గోడకు ఉండాలి, బల్బుకూ కుప్పకూ కనీసం మూడడుగుల ఎడం ఉండాలి. పని లేనప్పుడు ఆ అర్రకు కరెంటే పోకూడదు.

ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బా కొనాలా?

సింగరేణి బొగ్గుగనుల్లో, పెట్రోలు బంకుల్లో వాడే ఫ్లేమ్‌ప్రూఫ్ సామాను గురించి కొందరు విని ఉంటారు. అది రవ్వ పుట్టకుండా ఆపదు. లోపల రవ్వ పుట్టి, చొరబడిన గ్యాస్ పేలినా డబ్బా పగలదు, సందుల్లోంచి వచ్చే మంట చల్లారిపోయి బయటి గ్యాస్‌ను అంటించదు. ఒక్క బోల్టు తక్కువైనా ఆ గుణం పోతుంది. దానికి ఖరీదు ఎక్కువ, పరీక్షలు ఎక్కువ. చిన్న రైతుకు అది అక్కర్లేదు. గ్యాస్‌నూ రవ్వనూ ఒకచోట ఉండనీయకపోవడమే మన ఫ్లేమ్‌ప్రూఫ్. మామూలు స్టార్టర్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టినంత మాత్రాన అది ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు.

జాయింటు మాత్రం గట్టిగా ఉండాలి. కరెంటు బందు పెట్టి, తీగ మెరిసేదాకా గీకి, కనెక్టర్‌లో గానీ లగ్గులో గానీ బిగించి, టేపు చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. రెండు కొసలు మెలిపెట్టి వదిలేసిన జాయింటు వానకు, ఎండకు వదులై రాత్రింబవళ్లు రవ్వలు కక్కుతుంది.

మంట వస్తే

కరెంటు తీయకుండా నీళ్లు పోయొద్దు. పెట్రోలు మంట మీద నీళ్లు అసలే వద్దు, ఇసుక, మట్టి వేయండి. పత్తి కుప్పను ఫైరు ఇంజను వచ్చాక బయటికి లాగి, విప్పి, తడపాలి. మూసిన అర్రలోకి సామాను కోసం తిరిగి పోవద్దు. పాత పాలమూరు జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచినప్పుడు 9 మంది చనిపోయారు. వారిలో ఇంజనీర్లున్నారు, కరెంటు తెలియనివారు కారు. మూసిన చోట నిండిన పొగ ఎంత తెలిసినవారినీ బయటికి రానీయదు. పోయిన పత్తి మళ్లీ పండుతుంది, మనిషి రాడు.

గుర్తుంచుకోండి

* వైరు ముట్టే ముందు గాలిలో ఏముందో చూడండి: గ్యాస్ వాసన, పెట్రోలు వాసన, బ్యాటరీ బుడబుడ, లేచిన దుమ్ము.

* ముందు గాలి ఆడనివ్వండి, తర్వాత పని.

* కరెంటు బందు పెట్టి కలపండి, బందు పెట్టి విప్పండి.

* చివరి ముడి దూరంగా వేయండి. అదే ముడిని మొదట విప్పండి.

* వాసన వచ్చిన గదిలో స్విచ్ వేయొద్దు, తీయొద్దు.

* పత్తి అర్రలో జాయింటు వద్దు, స్టార్టర్ కొట్టంలో పెట్రోలు వద్దు.

* వంట గ్యాస్ లీకుకు 1906, కరెంటు ఫిర్యాదుకు 1912, ఫైరు స్టేషన్‌కు 101, ఏ ఆపదకైనా 112. ఈ నాలుగు నంబర్లు స్విచ్ బోర్డు పక్కన గోడ మీద రాసుకోండి, ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు కూడా చూపించండి.